నలభై క్వార్టర్ల బతుకులు

మన తెలుగువాళ్ళ విందుల్లో ఈమధ్య ఒక కొత్త కబురు వినబడుతోంది. పదిహేనేళ్ళ క్రితం గ్రీన్ కార్డు గురించీ, ఆ తర్వాత పిల్లల కాలేజీల గురించీ మాట్లాడుకున్నవాళ్ళే ఇప్పుడు ప్లేట్లు పట్టుకుని ఒక మూల చేరి, "రిటైర్ కావాలంటే చేతిలో ఎంత ఉండాలంటారు?" అని అడుగుతున్నారు. ఒకాయన రెండు మిలియన్లు చాలంటాడు. ఇంకొకాయన, అబ్బే, అయిదు లేనిదే ఉద్యోగం వదలకూడదంటాడు. మూడో ఆయన హైదరాబాదు శివార్లలో కొన్న ప్లాట్ల లెక్క ఎత్తుకుంటాడు. ఈ మాటలు సాగుతున్నంతసేపూ అదే గదిలో గోడవార నిలబడి, చిరునవ్వుతో వింటూ ఉండేవాళ్ళు కొందరుంటారు. గ్యాస్ స్టేషనులో రాత్రి షిఫ్టు చేసే ఆయన, బంధువుల మోటల్లో లెక్కలు చూసే ఆయన, అన్నగారు పెట్టిన పిటిషను పన్నెండేళ్ళకు పండి నలభై దాటాక వచ్చి గిడ్డంగిలో పనికి కుదిరిన బి.ఏ. పట్టభద్రుడు, పిల్లల్ని చూసుకునే ఉద్యోగం చేసే ఆవిడ. నీకు ఎంత ఉంది అని వాళ్ళనెవరూ అడగరు. వాళ్ళూ చెప్పరు.

నేను రాయదలచుకున్నది వాళ్ళ సంగతి. మిలియన్ల సంగతి చెప్పడానికి మన సంచికలో ప్రకటనలిచ్చే ఫైనాన్షియల్ ప్లానర్లు చాలామందే ఉన్నారు.

మామూలు మనిషి పింఛను మీద రిటైరై బతకగలడా? నా సమాధానం ముందే చెప్పేస్తాను. ఇల్లు సొంతమై, దాని అప్పు తీరి, దంపతులిద్దరూ ఉండి, ఇద్దరిలో ఎవరికీ మంచాన పడే జబ్బు రాకపోతే, బతకవచ్చు. ఈ నాలుగింటిలో ఏ ఒకటి తప్పినా కష్టం. మనలాగా సగం జీవితం అక్కడా సగం జీవితం ఇక్కడా గడిపినవాళ్ళకు ఆ కష్టం మరికాస్త ఎక్కువ.

పింఛను అనగానే మన తరం వాళ్ళ మనసులో మెదిలే బొమ్మ ఒకటుంది. పంతులుగారో, తాలూకాఫీసు గుమాస్తాగారో పదవీ విరమణ చేస్తారు. ఆఖరి జీతంలో సగం పింఛను. దాని మీద కరువు భత్యం. ధరలు పెరిగితే అదీ పెరుగుతుంది. ఆయన పోతే ఆవిడకు ఫామిలీ పెన్షను. ఏటా నవంబరులో 'నేను బతికే ఉన్నాను' అని ఒక కాగితం ఇస్తే చాలు. ఈ దేశంలో మేము ఎం.డి.లమూ ఎం.ఎస్.లమూ అయ్యామంటే, వెనకాల ఊళ్ళో అమ్మానాన్నల్ని చూసుకున్నది ఆ పింఛనే అని ఒప్పుకోవాలి. అందుకే కాబోలు, పింఛనంటే ప్రభుత్వం పంపే పదార్థమనీ, తుఫానొచ్చినా ఒకటో తారీఖున వస్తుందనీ మనకొక నమ్మకం.

ఆ బొమ్మ మన రాష్ట్రంలో కూడా ఎప్పుడూ అందరిదీ కాదు. అది ప్రభుత్వోద్యోగుల బొమ్మ. అందులోనూ 2004 సెప్టెంబరు ఒకటి తర్వాత చేరిన రాష్ట్ర ప్రభుత్వోద్యోగులను కొత్త పద్ధతిలోకి మార్చారు. జీతంలో పదోవంతు ఉద్యోగి వేయాలి, ప్రభుత్వం ఇంత వేస్తుంది, మార్కెట్టు ఎంత ఇస్తే అంత. దాని మీద ఇన్నేళ్ళుగా ధర్నాలు జరుగుతూనే ఉన్నాయి. ఇరవై ఏళ్ళ తర్వాత కేంద్రం దిగివచ్చి, పాతికేళ్ళ సర్వీసు ఉంటే ఆఖరి ఏడాది సగటు మూలవేతనంలో సగం ఖాయమని ఇంకో పథకం తెచ్చి 2025 ఏప్రిల్ నుంచి అమలులో పెట్టింది.

ప్రైవేటువాళ్ళ సంగతి ఇంకా అన్యాయం. చక్కెర మిల్లుల్లో, నూలు మిల్లుల్లో పనిచేసినవాళ్ళకూ, ఆర్టీసీలో స్టీరింగు తిప్పి రిటైరైనవాళ్ళకూ ఉన్నది 1995లో వచ్చిన ఇ.పి.ఎస్. పింఛను. జీతం ఎంతైనా లెక్కలోకి తీసుకునేది 2014 నుంచి 15,000 రూపాయల వరకే, అంతకు ముందు 6,500 వరకే. ఆ అంకెను సర్వీసు సంవత్సరాలతో హెచ్చించి 70తో భాగిస్తారు. ముప్పై అయిదేళ్ళు చెమటోడ్చినా ఏడెనిమిది వేలు దాటడం కష్టం. చాలామందికి రెండు మూడు వేలే. కరువు భత్యం లేదు. కనీస పింఛను 2014లో వెయ్యి రూపాయలుగా నిర్ణయిస్తే, పదేళ్ళు దాటినా ఆ వెయ్యి వెయ్యిగానే ఉండిపోయింది. అదే ఆంధ్రప్రదేశ్‌లో ఏ చందా కట్టని వృద్ధులకు 2024 జులై నుంచి నెలకు 4,000 ఇస్తున్నారు. తెలంగాణలో 2019 నుంచి 2,016. నేను వృద్ధుల పింఛనును తప్పు పట్టడం లేదు, అది నిజంగా కడుపు నింపే పథకం. కానీ జీవితమంతా జీతంలోంచి కోయించుకున్నవాడికి వెయ్యి, ఏమీ కట్టనివాడికి నాలుగు వేలు అంటే, కట్టినవాడు తన నుదురు కొట్టుకోక ఏం చేస్తాడు? ఈ సంగతి గుర్తుంచుకోండి. కాసేపట్లో న్యూజెర్సీలో ఉన్న మన ఇంజనీరు మెడకు ఇదే చుట్టుకోబోతోంది.

ఇక ఈ దేశపు పింఛను. సోషల్ సెక్యూరిటీ చట్టం మీద అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 1935 ఆగస్టు 14న సంతకం చేశాడు. నెలనెలా వచ్చే మొదటి చెక్కు 1940 జనవరి 31న వెర్మాంట్ రాష్ట్రంలో ఐడా మే ఫుల్లర్ అనే ఆవిడకు అందింది. 22 డాలర్ల 54 సెంట్లు. ఆవిడ అప్పటికి కట్టిన చందా మొత్తం 24 డాలర్ల 75 సెంట్లు. నూరేళ్ళు బతికి, 22,888 డాలర్లు పుచ్చుకుని వెళ్ళిపోయింది. అంత అదృష్టం ఇప్పుడెవరికీ పట్టదు గాని, పథకం ఉద్దేశం మాత్రం అప్పటిదే. ముసలితనంలో మనిషి అన్నానికి వెదుక్కోకూడదు. సుఖంగా ఉండాలని ఆ చట్టంలో ఎవరూ హామీ ఇవ్వలేదు.

దాని లెక్క మనవాళ్ళలో నూటికి తొంభైమందికి తెలియదు. పేస్లిప్పులో 6.2 శాతం పోతుందని తెలుసు, యజమాని ఇంకో 6.2 వేస్తాడని తెలుసు. తిరిగి ఎలా వస్తుందన్నది తెలియదు. ఇదీ పద్ధతి. నలభై క్రెడిట్లు ఉంటేనే పింఛను. పాతవాళ్ళు వీటినే క్వార్టర్లంటారు. ఏడాదికి నాలుగు చొప్పున పదేళ్ళు. ఆ తర్వాత మీ జీతాల్లో అన్నిటికన్నా ఎక్కువవి 35 సంవత్సరాలవి ఏరి, దేశంలో సగటు వేతనాల పెరుగుదల ప్రకారం సవరించి, నెల సగటు తీస్తారు. ముప్పై అయిదు లేకపోతే మిగిలినవాటికి సున్నాలు వేస్తారు. ఆ సగటులో మొదటి ముక్కకు 90 శాతం, తర్వాతి ముక్కకు 32 శాతం, ఆ పైదానికి 15 శాతం ఇస్తారు. 2025లో 62 ఏళ్ళు నిండేవారికి ఆ ముక్కలు 1,226 డాలర్ల దగ్గరా 7,391 డాలర్ల దగ్గరా విరుగుతాయి. అంటే తక్కువ జీతగాడికి ఎక్కువ పాలు, ఎక్కువ జీతగాడికి తక్కువ పాలు. ఇంత ధర్మమైన సూత్రం ఈ దేశపు చట్టాల్లో అరుదు.

చిక్కంతా ఆ సున్నాల దగ్గర వస్తుంది. ఇక్కడ పుట్టినవాడు ఇరవై రెండో ఏట పనిలో చేరి అరవై ఏడు దాకా చేస్తే నలభై అయిదేళ్ళు, అందులో మంచివి 35 ఏరుకుంటాడు. మన గిడ్డంగి పెద్దమనిషి నలభయ్యో ఏట వచ్చాడు. ఈనాటి విలువలో ఏడాదికి 60,000 చొప్పున 67 దాకా చేశాడనుకోండి. ఇరవై ఏడేళ్ళ జీతం, ఎనిమిది సున్నాలు. సగటు నెలకు 3,857. పింఛను సుమారు 1,945 డాలర్లు. దేశం మొత్తం మీద 2025 జనవరిలో రిటైరైన ఉద్యోగి సగటు చెక్కు 1,976. అంటే మనవాడు దాదాపు సగటు అమెరికనుతో సమానం. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

కానీ ఆయన నడుము అరవై ఏడు దాకా ఆగుతుందా? పెట్టెలు ఎత్తి దించే పని. అరవై రెండుకే పింఛను తీసుకోవచ్చునని ఎవరో చెబుతారు. తీసుకుంటాడు. అప్పుడు జీతం ఇరవై రెండేళ్ళదే, సున్నాలు పదమూడు. సూత్రం ప్రకారం 1,717 రావాలి, తొందరపడ్డందుకు అందులో 30 శాతం కోత. చేతికి వచ్చేది 1,202. ప్రాణమున్నంతకాలం ఆ కోత అలాగే ఉంటుంది. 1983లో చట్టం మార్చి పూర్తి పింఛను వయసు 65 నుంచి మెల్లగా 67కు జరిపారు. 1960లోనూ ఆ తర్వాతా పుట్టినవాళ్ళందరికీ 67. ఏ.సి. గదిలో కూర్చునే మాబోటివాళ్ళకు ఆ రెండేళ్ళూ పెద్ద లెక్క కాదు, డెబ్భై దాకా ఆగి ఏడాదికి 8 శాతం చొప్పున పెంచుకుంటాం కూడా. మోకాళ్ళు అరిగినవాడికి ఆ రెండేళ్ళే లెక్క. "మనుషులు ఎక్కువకాలం బతుకుతున్నారు, రిటైర్మెంటు వయసు ఇంకా పెంచాలి" అని వాషింగ్టనులో మాట్లాడేవాళ్ళు ఒక్కసారి ఏ గిడ్డంగిలోనైనా వారం రోజులు పనిచేసి మాట్లాడితే బాగుండును.

ఆ 1,976లోంచి ఖర్చులు రాసుకుందాం. మెడికేర్ పార్ట్ బి కింద 2025లో నెలకు 185 ముందే పట్టుకుంటారు. మిగిలింది 1,791. న్యూజెర్సీలో ఇంటి పన్ను 2024లో సగటున ఏడాదికి 10,000 డాలర్లు దాటింది. అంటే నెలకు 840 చిల్లర. అప్పు తీరిన సొంత ఇంట్లో కూర్చున్నా సరే, తిండికీ, కరెంటుకూ, కారుకూ, మందులకూ కలిపి మిగిలేది 950. అద్దె ఇంట్లో ఉన్నవాడి సంగతి మీరే ఊహించుకోండి. ఓహైయోలోనో ఇండియానాలోనో చిన్న ఊళ్ళో అయితే ఇదే డబ్బుతో కాస్త ఊపిరాడుతుంది. అందుకే పింఛను చాలుతుందా అన్న ప్రశ్నకు ఏ ఊళ్ళో అన్నది సగం జవాబు.

నేను వైద్యుణ్ణి గనక మందుల సంగతి ఒక మాట చెప్పకుండా ఉండలేను. రక్తపోటు మాత్రను సగానికి విరిచి రెండు రోజులు వాడుకునే పెద్దవాళ్ళను ఈ దేశంలో చూశాను. చదువు లేకనో, మతిమరుపు వల్లనో అనుకుంటాం. నిదానంగా కూర్చోబెట్టి అడిగితే నెలాఖరు అంటారు. 2022 చట్టం పుణ్యమా అని మెడికేర్‌లో ఇన్సులిన్ నెలకు 35 డాలర్లకు కట్టడి అయింది, 2025లో మందుల మీద సొంత ఖర్చు ఏడాదికి 2,000 డాలర్లు దాటకుండా హద్దు పెట్టారు. ఇది చిన్న మేలు కాదు. అయితే అసలు భయం వేరే ఉంది. మంచాన పడ్డ మనిషిని నర్సింగ్ హోములో ఉంచితే ఏడాదికి లక్ష డాలర్ల పైమాట. మెడికేర్ దాన్ని మోస్తుందని మనవాళ్ళు చాలామంది అనుకుంటున్నారు. మోయదు. ఆస్పత్రిలో మూడు రోజులు పడుకున్న తర్వాత కోలుకోవడానికి నూరు రోజుల వరకు సాయం చేస్తుంది, అందులోనూ ఇరవై రోజుల తర్వాత మనమూ కట్టాలి. స్నానం చేయించడం, అన్నం తినిపించడం వంటివి ఏళ్ళ తరబడి చేయవలసివస్తే అది మన పాపం. చేతిలో ఉన్నది ఊడ్చిపెట్టాక మెడికెయిడ్.

"కంపెనీ పెన్షనో, 401-కె ఉండదా?" అంటారు. కంపెనీ పింఛను అన్నది ఒకప్పుడు ఈ దేశపు కార్మికుడి గర్వం. 1963లో సౌత్ బెండ్‌లో స్టూడిబేకర్ కార్ల ఫాక్టరీ మూతపడినప్పుడు వేలమంది పింఛన్లు గల్లంతై, ఆ గొడవ పదేళ్ళు నానిన మీదట 1974లో రక్షణ చట్టం వచ్చింది. ఆ తర్వాత కంపెనీలు ఆ బరువు దించుకుని 401-కె చేతిలో పెట్టాయి. 1978 నాటి పన్నుల చట్టంలో ఒక ఉపవిభాగం అది. ఎవరి పింఛను వాళ్ళే కూడబెట్టుకోండి, ఎవరి మార్కెట్టు నష్టం వాళ్ళే భరించండి అన్నమాట. మా డాక్టర్లకూ, సాఫ్ట్‌వేరువాళ్ళకూ అది బ్రహ్మాండమైన సాధనం. గ్యాస్ స్టేషను యజమాని 401-కె పెడతాడా? పెట్టినా, నెలకు మూడు వేలు తెచ్చేవాడు అందులోంచి ఎంత దాస్తాడు?

ట్రస్టు ఫండు 2033లో ఖాళీ అవుతుందని 2025 నివేదిక చెప్పింది. అది విని "ఇంకెక్కడి సోషల్ సెక్యూరిటీ, మనదాకా వస్తుందా" అనేవాళ్ళు మన విందుల్లో కొల్లలు. ఫండు ఖాళీ అవడమంటే పథకం మూతపడడం కాదు. ఆ ఏడాది జీతాల మీద వచ్చే పన్ను వస్తూనే ఉంటుంది, దానితో 77 శాతం చెల్లించవచ్చునని ఆ నివేదికలోనే ఉంది. మనవాడి 1,945లో 77 శాతమంటే 1,498. ప్రళయం కాదు గాని, నెలాఖరు కాస్తా నెల మధ్యకు వస్తుంది. దీనికి మందు కూడా కళ్ళెదుటే ఉంది. 2025లో 176,100 డాలర్ల పైన సంపాదనకు ఈ పన్ను లేదు. నాలుగు లక్షలు సంపాదించే డాక్టరుకు జూన్ మధ్యకల్లా కోత ఆగిపోతుంది, జీతం పెరిగినట్లుంటుంది. కౌంటరు మీద పనిచేసేవాడు డిసెంబరు ముప్పై ఒకటి దాకా కడుతూనే ఉంటాడు. ఆ హద్దు ఎత్తివేయాలని నా అభిప్రాయం. ఇది చదివి మా డాక్టరు మిత్రులు కొందరు నా మీద అలుగుతారని తెలుసు. అలగనివ్వండి.

ఇప్పుడు న్యూజెర్సీ ఇంజనీరు. ఎచ్-1బి మీద వచ్చాడు. ఏడాదికి లక్ష జీతం. గ్రీన్ కార్డు వరుసలో మనదేశం వాళ్ళకు దశాబ్దాల నిరీక్షణ. సరిగ్గా తొమ్మిది క్యాలెండరు సంవత్సరాలు చేశాక ఉద్యోగం పోయింది. అరవై రోజుల్లో ఇంకొకటి దొరకలేదు, సంసారం సర్దుకుని విజయవాడ వెళ్ళిపోయాడు. అతనూ, అతని కంపెనీలూ కలిసి కట్టింది లక్షా పదకొండు వేల డాలర్ల పైన. నలభై క్రెడిట్లు ఉంటే అరవై ఏడో ఏట నెలకు సుమారు 1,470 డాలర్లు వచ్చేవి. నాలుగు తక్కువైతే వచ్చేది సున్నా. కట్టింది తిరిగి ఇవ్వరు కూడా.

ఇతర దేశాలవాళ్ళకు ఈ గతి లేదు. ఇటలీతో 1978లో మొదలుపెట్టి ముప్పై దాకా దేశాలతో అమెరికా ఒప్పందాలు చేసుకుంది. అక్కడి సంవత్సరాలూ ఇక్కడి సంవత్సరాలూ కలిపి లెక్కపెడతారు, కొద్దికాలానికి వచ్చినవాడు రెండుచోట్లా కట్టనక్కరలేదు. భారతదేశంతో అటువంటి ఒప్పందం లేదు. భారతదేశానికి ఇటువంటివి కొత్తా కాదు, కెనడాతో 2015లో, ఆస్ట్రేలియాతోనూ జపానుతోనూ 2016లో అమలులోకి వచ్చాయి. మరి అమెరికాతో ఎందుకు కాదు? ఇక్కడి చట్టం ప్రకారం అవతలి దేశంలో సాధారణంగా ప్రజలందరికీ వర్తించే పింఛను వ్యవస్థ ఉండాలి. మనదేశంలో ప్రావిడెంట్ ఫండు ఉన్నది సంఘటిత రంగానికి. పొలం కూలీకి లేదు, తాపీ మేస్త్రీకి లేదు, ఆటో నడిపేవాడికి లేదు. వాళ్ళకు పింఛను లేకపోవడం వల్ల మన ఇంజనీరు పింఛను పోతోంది. మన ఊళ్ళో పేదవాడి సంగతి మనకెందుకులే అనుకునే ఎన్.ఆర్.ఐ.లు ఈ ముక్క కాస్త ఆలోచించాలి.

అంతవరకూ చేయగలిగింది ఒకటుంది. క్రెడిట్లు వచ్చేది నెలలను బట్టి కాదు, సంపాదనను బట్టి. 2025లో 1,810 డాలర్లకు ఒక క్రెడిట్. ఏడాదిలో 7,240 సంపాదిస్తే నాలుగూ వచ్చేస్తాయి, అది జనవరి ఒక్క నెలలో వచ్చినా సరే. తొమ్మిదో ఏట డిసెంబరులో పెట్టె సర్దుకునేవాడు, వీసా గడువు అనుమతిస్తే, జనవరి జీతం తీసుకుని బయలుదేరడం మంచిది.

మరొక పాత అన్యాయం మాత్రం ఈమధ్యే తొలగింది. అక్కడ ప్రభుత్వ కాలేజీలో పాతికేళ్ళు పాఠం చెప్పి, పింఛను తెచ్చుకుంటూ, ఇక్కడికొచ్చి మరో పన్నెండేళ్ళు పనిచేసిన లెక్చరర్లు మనలో ఉన్నారు. ఆ పింఛను చూపించి ఇక్కడి పింఛను తగ్గించేవారు. 2025 జనవరి 5న అధ్యక్షుడు బైడెన్ సంతకంతో ఆ నిబంధన రద్దయింది, 2024 జనవరి నెల నుంచీ లెక్కగట్టి ఇవ్వాలి. మీ ఇంట్లో అటువంటి పెద్దవాళ్ళుంటే, పాత రోజుల్లో కోత చూసి అసలు దరఖాస్తే పెట్టకుండా వదిలేసి ఉంటే, ఇప్పుడు పెట్టించండి.

ఆడవాళ్ళ సంగతి. భర్త పింఛనులో సగం వరకు భార్యకు వస్తుంది, ఆమె ఒక్కరోజు పనిచేయకపోయినా. పై లెక్కలో ఇద్దరికీ కలిపి 2,900 చిల్లర. భర్త పోతే పెద్ద చెక్కు ఒకటి ఆమెకు మిగులుతుంది, చిన్నది ఆగిపోతుంది. అంటే 1,945. ఆదాయం మూడోవంతు పోయింది. ఇంటిపన్ను మూడోవంతు తగ్గుతుందా? కారు ఇన్సూరెన్సు? అందుకే పింఛనుతో బతకడం ఎక్కువ కష్టమయ్యేది ఒంటరిగా మిగిలిన ఆడమనిషికి. విడాకులైతే మరీను. పెళ్ళయి పదేళ్ళు నిండకపోతే మాజీ భర్త లెక్క మీద ఆమెకు దమ్మిడీ రాదు. తొమ్మిదో ఏట సంసారం తెగిన ఆడపిల్లలకు లాయర్లు ఈ మాట చెప్పాలి.

ఎచ్-4 వీసా మీద వచ్చిన ఆడవాళ్ళకు 2015 దాకా పని చేసే హక్కే లేదు. ఆ తర్వాతా అందరికీ లేదు. ఇంజనీరింగు చదివి పదేళ్ళు ఇంట్లో కూర్చున్న ఆ సున్నాలు వాళ్ళ ముసలితనం దాకా వెంట వస్తాయి. ఇక మన దుకాణాల్లో, మోటళ్ళలో జరిగేది ఇంకో రకం. పొద్దున్నుంచి రాత్రి దాకా కాష్ రిజిస్టరు దగ్గర నిలబడే ఇల్లాలి పేరు జీతాల పుస్తకంలో ఉండదు. టాక్సు కలిసొస్తుందని భర్త అంతా తన పేరనే చూపిస్తాడు. ఆమెకు సొంత క్రెడిట్లు లేవు, రేపు చెయ్యో కాలో పడిపోతే డిజెబిలిటీ పింఛనూ లేదు. కాగితం మీద ఆమె జీవితమంతా ఊరికే కూర్చున్నట్లే. ఏడాదికి ఏడెనిమిది వేలు ఆమె పేర జీతం రాసి, పన్ను కట్టి చూపించడం పెద్ద త్యాగమేమీ కాదు. పనిచేసేవాళ్ళకు చేతికి డబ్బిచ్చి పుస్తకంలో రాయని మన యజమానులకూ ఇదే చెబుతాను. ఆ మనిషి పన్ను మిగిలిందని సంతోషిస్తాడు, మీరూ సంతోషిస్తారు. పదేళ్ళపాటు ఏడాదికి 30,000 చూపించి ఉంటే అతను కట్టేది మొత్తం 18,600, వచ్చేది నెలకు 640 పైన. రెండున్నరేళ్ళలో కట్టింది వెనక్కి వచ్చేస్తుంది, ఆ తర్వాతదంతా లాభం. పైగా మెడికేర్ పార్ట్ ఎ ఉచితం.

ఆ చివరి మాట ఎంత విలువైనదో అమ్మానాన్నల్ని గ్రీన్ కార్డు మీద తెచ్చుకున్నవాళ్ళకు తెలుసు. అరవై అయిదు దాటి, ఇక్కడ వరసగా అయిదేళ్ళు ఉన్నాక వాళ్ళు మెడికేర్ కొనుక్కోవచ్చు. 2025లో పార్ట్ ఎ 518, పార్ట్ బి 185. మనిషికి నెలకు 703. దంపతులకు 1,406. ఊళ్ళో రాజాలా బతికించిన నాన్నగారి పింఛను ఇక్కడ ఆ ఒక్క ఖర్చుకైనా చాలదు. 1996 చట్టం తర్వాత పౌరులు కాని వృద్ధులకు ఎస్.ఎస్.ఐ. కూడా దాదాపు మూసుకుపోయింది.

"ఇదంతా ఎందుకు, పింఛను తీసుకుని ఇండియా వెళ్ళిపోతే పోలా?" అని చివరికి ఎవరో ఒకరంటారు. లెక్క ప్రకారం ఆ మాటలో నిజముంది. అమెరికా పౌరుడికి ఆ చెక్కు ఇండియాలో ఉన్నా ఆగదు. కోత పడిన 1,202 కూడా రూపాయల్లో లక్ష పైమాటే. ఒంగోలులోనో, కరీంనగర్‌లోనో ఇద్దరు హాయిగా తిని, ఒక మనిషిని పెట్టుకుని బతకవచ్చు. గిడ్డంగిలో పనిచేసిన ఆయనకు నేను అదే సలహా ఇస్తాను, పిల్లలు ఒప్పుకుంటే. అయితే మెడికేర్ అక్కడికి రాదు. పార్ట్ బి మానేసి వెళ్ళి, డెబ్భై అయిదులో జబ్బుపడి తిరిగొస్తే, మానేసిన ప్రతి ఏడాదికీ 10 శాతం చొప్పున జరిమానా జీవితాంతం కట్టాలి. వెళ్ళేవాళ్ళు వెళ్ళేముందే ఆ సంగతి తేల్చుకోవాలి. ఇక మనవలను వదిలి ఉండగలమా అన్నది డాలర్లలో తేలదు.

మన సంఘం ఏం చేయగలదని కార్యవర్గంవారు అడిగారు గనక చెబుతున్నాను. ప్రతి పండుగకూ హాలు ముందు హైదరాబాదు ప్లాట్ల స్టాళ్ళు అయిదారు పెట్టిస్తున్నాం. వాటి పక్కన సోషల్ సెక్యూరిటీ కాగితాలు చూసిపెట్టే బల్ల ఒకటి వేయండి. ఆ బల్ల దగ్గర మొదట చేయవలసిన పని, ప్రతివాళ్ళ సంపాదన రికార్డూ సరిగ్గా ఎక్కిందో లేదో చూడడం. మన తెలుగు పేర్లతో పెద్ద చిక్కు ఉంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ముందు, ఆఫీసులో వెనక. సగం పేరు కార్డు మీద పట్టదు. పెళ్ళయ్యాక ఆడవాళ్ళ ఇంటిపేరు ఒకచోట మారుతుంది, ఒకచోట మారదు. పేరూ నంబరూ కలవకపోతే ఆ జీతం ఎవరి ఖాతాలోనూ పడకుండా వాళ్ళ దగ్గర పక్కన పడి ఉంటుంది. తప్పు దిద్దించుకోవడానికి మామూలుగా ఇచ్చే గడువు ఆ సంవత్సరం దాటాక మూడేళ్ళ మూడు నెలల పదిహేను రోజులు. పేరు కలవని కేసుల్లో ఆ తర్వాత కూడా దిద్దుతారు, కానీ రుజువు కావాలి. మన సభ్యుల్లో ఇద్దరు సి.పి.ఏ.లు వచ్చే దసరా కార్యక్రమానికి మధ్యాహ్నమంతా కూర్చుంటామని ఒప్పుకున్నారు. భోజనాల హాలు ఎడమవైపు ఉంటారు. పాత డబ్ల్యూ-2 కాగితాలు ఎన్ని దొరికితే అన్నీ తెచ్చుకోండి, మీ ఇంట్లో పెద్దవాళ్ళవి కూడా.